తాత పడ్డ బావి

"నేను బావిలో పడలేదు నాన్నా," అంది షైనీ. ఆ సాయంత్రం ఆమె ఈ మాట అనడం నాలుగోసారి.

"పడినావని ఎవరన్నారు? పడినట్టు చెప్పమంటున్నా. చదువు, మళ్ళీ మొదట్నుంచీ."

దయాసాగర్ చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆత్మకూరు హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారాయన. ఇంటికొచ్చి చొక్కా విప్పుతాడు గానీ మాస్టరుగిరీ విప్పడు. కూతురి చేతిలో ఉన్నది ఆయన రాసిచ్చిన రెండు పేజీల సాక్ష్యం. ఎల్లుండి ఆదివారం ఉదయగిరి చర్చిలో షైనీకి బాప్తిస్మం. సంఘం ముందు నిలబడి, దేవుడు తన జీవితంలో ఏం చేశాడో తన నోటితో చెప్పాలి. పదమూడేళ్ళ పిల్ల విషయంలో దేవుడు చేసినవి రెండు పేజీలకు చాలవని మాస్టారికి అనుమానం వచ్చింది. అందుకని ఒక బావిని చేర్చాడు.

షైనీ చదివింది. "నా తొమ్మిదవ ఏట నేను దిగుడుబావిలో పడి మునిగిపోవుచుండగా దేవుడు ఒక మనుష్యుని పంపి నన్ను పైకి తీయించెను. ఆ దినముననే నేను డాక్టరునై రోగులకు సేవ చేయుదునని తీర్మానించుకొంటిని..."

"తీర్మానించుకొంటిని దగ్గర కాసేపు ఆగు. జనం ఆమెన్ అంటారు."

"అనకపోతే?"

"అంటారు. మీ సైమన్ పెదనాన్న ముందు వరసలో కూర్చొని మొదలుపెడతాడు. చెప్పిపెట్టినా."

ఆ వాక్యం అక్కడికి ఎందుకొచ్చిందో షైనీకి బాగా తెలుసు. సోమవారం ఆమెను నెల్లూరులో ఒక హాస్టలు స్కూల్లో చేర్చాలని తండ్రి పట్టు. ఎనిమిదో తరగతి నుంచే డాక్టరు చదువుకు పునాది వేస్తారట అక్కడ. మూడు నెలలకోసారి ఇంటికి పంపిస్తారట. పోయిన వారమంతా షైనీ పోనని ఏడ్చింది. రెండు పూటలు అన్నం మానేసింది. మాస్టారు ఏడుపుకు లొంగలేదు, కోప్పడనూ లేదు. ఊరికే కూర్చుని ఈ రెండు పేజీలు రాశాడు. ఆదివారం దేవుని సన్నిధిలో, మూడొందలమంది ముందు డాక్టరునవుతానని చెప్పిన పిల్ల సోమవారం బస్సెక్కనని ఏ మొహం పెట్టుకుని అంటుంది?

గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తున్న వరదమ్మ తల ఎత్తింది. దయాసాగర్ తల్లి ఆమె. డెబ్బై ఆరేళ్ళు. చెవులు మాత్రం పదహారేళ్ళవి.

"ఏ బావిరా అది?"

"ఏదో బావిలేమ్మా."

"ఏదో బావంటావేంది? దిగుడుబావి అన్నావు, తొమ్మిదో ఏడన్నావు. సీతారామపురం దోవలో చెంచురామయ్య గారోళ్ళ దిగుడుబావి గదా అది? దాంట్లో పడింది మీ నాయన. ఇదెప్పుడు పడింది?"

షైనీ తల్లి సుగుణ ఆదివారానికి తెల్ల పావడా ఇస్త్రీ చేస్తోంది. అత్త మాటకు నవ్వు తన్నుకొచ్చింది గానీ మొగుడు చూస్తున్నాడని ఇస్త్రీ పెట్టెను మరికాస్త గట్టిగా అదిమింది. ఆ ఇంట్లో సుగుణ చెప్పదలుచుకున్నవన్నీ బట్టల మీదనే చెబుతుంది.

దయాసాగర్ తడబడలేదు. "మా నాయన పడితే ఇంటిల్లిపాదీ పడినట్టే. ఆ పొద్దు ఆయన్ని ఎవరూ పైకి తీయకపోయుంటే నేనేడుండేవాణ్ణి? ఇదేడుండేది? ఆ లెక్కన దేవుడు దీన్ని కూడా కాపాడినట్టే."

"నువ్వు లెక్కల మాస్టరువి కాదుగదరా, ఈ లెక్క యాడ నేర్చినావు?" అంది వరదమ్మ. "నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు."

షైనీ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "అవ్వా, నీ బాప్తిస్మం అప్పుడు నువ్వేం చెప్పినావు?"

"నాకేం వచ్చమ్మీ చెప్పను? నాకు బాప్తిస్మం ఇయ్యండయ్యా అని అడిగినా. అయ్యగారు ముంచినాడు. ముక్కులోకి నీళ్ళు పోయి పొద్దుగూకేదాకా తుమ్మతానే ఉండినా."

"నువ్వే అడిగినావా?"

"అడక్కపోతే ఎవరిస్తారు? మనది పసిబిడ్డలకిచ్చే సంఘం కాదుగదా. బుద్ధి తెలిసినాక, ఎవరికి కావాలో వాళ్ళే నోరు తెరిచి అడగాల. అంతే. మొగుడి బదులు పెళ్ళాం అడిగినా చెల్లదు."

 షైనీ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నేనెప్పుడు అడిగినాను?"

"ఏంది?"

"బాప్తిస్మం. నేనెప్పుడు అడిగినాను?"

"నేనడిగినా. నీ తరఫున," అన్నాడు దయాసాగర్. "ఇంక మాటలు చాలు. రేపు తెల్లారే ఆత్మకూరు పోవాల, పెట్టె కొనాల. రెండో పేజీ చదువు."

షైనీ రెండో పేజీ చదవలేదు. బలవంతంగా చదివించేందుకు ఆయన దగ్గర కూడా ఆ పూటకు ఓపిక మిగల్లేదు.

*

శనివారం ఆత్మకూరు బజారులో ఎండ మండిపోతోంది. జూన్ నెల వచ్చినా వాన జాడ లేదు. బస్టాండు వెనక రేకు పెట్టెల అంగట్లో దయాసాగర్ మూడు పెట్టెలు తెరిచి మూసి, తాళం బిగించి చూసి, నాలుగోది ఎంచాడు. నీలం రంగుది. పక్కనే పెట్టెల మీద పేర్లు రాసే పెయింటరు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు.

"పాప పేరేంది సార్?"

"షైనీ అని రాయి. ముందు కొంచెం చోటు వదులు."

"ఇంటిపేరుకా సార్?"

"కాదు. డాక్టర్ అని తర్వాత రాసుకోవడానికి."

పెయింటరు కుంచె ఆపాడు. "ఆలు లేదు, చూలు లేదు..." అని మొదలుపెట్టి, ఎదురుగా ఉన్నది మాస్టారని గుర్తొచ్చి మిగతాది మింగేశాడు.

"చోటు వదలొద్దన్నా," అంది షైనీ. "మధ్యలో రాయి."

"వదులు," అన్నాడు దయాసాగర్.

"వద్దన్నా."

"మీరిద్దరూ ఒక మాట అనుకోని చెప్పండి సార్. ఈ ఎండకు కుంచె ఆరిపోతా ఉండాది."

దయాసాగర్ కూతురి రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోయాడు. చెరుకురసం బండి నీడన నిలబడ్డారు. ఆయన రెండు గ్లాసులు చెప్పాడు. కోపంలో ఉన్నా పిల్లకు దాహమేస్తుందని మర్చిపోయే మనిషి కాదు.

"నలుగుర్లో నా పరువు తీస్తావా?"

"ఆడ నలుగురు లేరు నాన్నా. పెయింటరన్న ఒక్కడే ఉండాడు."

"నోరు బాగా లేస్తా ఉండాది."

షైనీ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. రాత్రి నుంచి ఆమెను ఒక సందేహం తొలుస్తోంది. "నాన్నా, నువ్వు బాప్తిస్మం తీసుకున్నప్పుడు నువ్వేం చెప్పినావు?"

దయాసాగర్ రోడ్డు వైపు చూశాడు. బద్వేలు బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అది కనుమరుగయ్యేదాకా ఆయన దాన్నే చూశాడు.

"అదే చెప్పినా."

"ఏది?"

"బావి."

షైనీ కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వూ పడలేదా?"

"నాకు ఆరో ఏటికే ఈత వచ్చు. బావిలో పడ్డా మునిగేవాణ్ణి కాదు. మీ తాత రాసిచ్చినాడు. నేను చదివినా." కాస్త ఆగి అన్నాడు. "అప్పుడు నాకు సరిగ్గా నీ ఈడే."

"డాక్టరునవుతానని కూడా చెప్పినావా?"

"చెప్పినా."

"మరి కాలేదే?"

చెరుకురసం బండివాడు మిషను ఆపాడు. వాడు విననట్టు గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

"మూడుసార్లు రాసినా ఆ పరీక్ష," అన్నాడు దయాసాగర్. "మీ తాత పెద్దాసుపత్రిలో కాంపౌండరు. కట్టు కట్టడంలో ఆయన చెయ్యి చూస్తే డాక్టర్లే నోరెళ్ళబెట్టేవాళ్ళు. కానీ ఆయనకన్నా ఇరవై ఏళ్ళు చిన్న డాక్టరు వచ్చినా లేచి నిలబడాల. రేయ్ సామ్యేలూ అని పిలుస్తాంటే పలకాల. నేను డాక్టరునైతే ఆయన ఒక్కసారైనా నా ముందు కుర్చీలో కూర్చోవచ్చు గదా అని ఆశ. మూడోసారి కూడా పోయినాక ఆయన నన్నొక్క మాట అనలేదు షైనీ. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం ఆ చర్చిలో కూర్చుంటా ఉండా. ఆ సంఘం ముందు నేను చెప్పిన మాట అట్నే నిలబడిపోయింది. ఎవరూ అడగరు. నాకు మాత్రం గుర్తుంటాది."

షైనీకి తండ్రి మీద జాలేసింది. చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకుంది కూడా. కానీ అంతటితో ఊరుకునే పిల్లయితే ఈ కథ ఇంతదూరం వచ్చేదే కాదు.

"అది నువ్వు చెప్పిన మాట నాన్నా," అంది నెమ్మదిగా. "నేనెందుకు నిలబెట్టాల?"

దయాసాగర్ చెయ్యి విడిపించుకున్నాడు.  తిరిగి పెయింటరు దగ్గరికి పోయాడు. "ఏమీ రాయొద్దు. అట్నే ఇచ్చేయ్," అన్నాడు. పెట్టె భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు. ఉదయగిరి వచ్చేదాకా తండ్రీ కూతుళ్ళు ఒకే సీట్లో కూర్చుని చెరో కిటికీ చూసుకున్నట్టు కూర్చున్నారు.

దిగేముందు మాత్రం ఆయన అన్నాడు. "అయిదు గంటలకు అయ్యగారి దగ్గరికి పోవాల. కాగితం తెచ్చుకో."

*

బాప్తిస్మానికి ముందురోజు పాస్టరు ఆదెయ్య ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడతాడు. ఈసారి ఆరుగురున్నారు. చర్చి పక్క గదిలో బల్ల వెనక ఆదెయ్య, ఆయన పక్కన రిజిస్టరు ముందేసుకుని సంఘ కార్యదర్శి. ఆ కార్యదర్శి మరెవరో కాదు, దయాసాగరే. షైనీ పేరు అందరికన్నా ముందు, గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టి ఉంది. గుమ్మం అవతల సుగుణ, వరదమ్మ నిలబడ్డారు. బయట బాప్తిస్మపు తొట్టిలోకి పైపుతో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రామ్మా షైనీ. సాక్ష్యం సిద్ధమేనా?" అన్నాడు ఆదెయ్య.

షైనీ మడత విప్పకుండానే కాగితం బల్ల మీద పెట్టింది.  చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది నాది కాదయ్యగారూ."

"బెదురుకుంటా ఉందండీ," అన్నాడు దయాసాగర్ వెంటనే. "రాత్రంతా బాగా చదివింది. చదువమ్మా."

"ఇది మా తాతది. మా నాన్న కూడా ఇదే చదివినాడంట."

 దయాసాగర్ ముఖం కందగడ్డయింది. ఆదెయ్య కళ్ళజోడు సర్దుకుని ఆయన వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూశాడు.

"ఏందయ్యా దయాసాగర్ ఇది?"

"చిన్నపిల్ల మాటలు పట్టించుకోకండి అయ్యగారూ. దానికేం తెలుసు?"

"నువ్వు కాసేపు గమ్మునుండు. అమ్మా, నీకు బాప్తిస్మం కావాలని నువ్వడిగినావా?"

"లేదయ్యగారూ."

"భయంతో అంటా ఉండావా, మీ నాయన మీద కోపంతో అంటా ఉండావా?"

షైనీ ఆలోచించింది. అది ఆలోచించవలసిన ప్రశ్నే. "భయం ఉండాది. కోపం కూడా ఉండాది. కానీ అందుకు కాదు. నాకు దేవుడంటే ఇష్టమే అయ్యగారూ. ఎవరూ చెప్పకపోయినా ప్రార్థన చేసుకుంటా. ఎప్పుడో ఒకరోజు నేనే వచ్చి అడుగుతా. ఇప్పుడడగలేదు, అంతే. రేపు నేనిది చదివితే మీరంతా నమ్ముతారు. కానీ నేను బావిలో పడలేదని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. డాక్టరునవుతానో లేదో కూడా నాకు తెలీదు. తెలీనిది తెలుసునని నీళ్ళలో దిగి చెప్పలేను."

గుమ్మం అవతల వరదమ్మ ముక్కు చీదింది.

ఆదెయ్య చెయ్యి చాచాడు. "ఆ రిజిస్టరు ఇట్నియ్యి దయాసాగర్."

"అయ్యగారూ, వద్దు. బంధువులందరికీ చెప్పినా. అనుమసముద్రంపేట నుంచి మా బావమరిది వాళ్ళు బయల్దేరినారు. రేపు భోజనాలు కూడా చెప్పేసినా. తొట్టి నిండతా ఉండాది."

"తొట్టి నిండిందని మనిషిని ముంచుతామా?" అన్నాడు ఆదెయ్య. మొదటి పేరు మీద గీత గీశాడు. "రేపు అయిదుగురే. పాప అడిగిన రోజు నేనే దగ్గరుండి ఇస్తా. భోజనాలకు మాత్రం నేనొస్తా, అవి మానుకోబాక."

నవ్వించాలనే అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

దయాసాగర్ లేచి నిలబడ్డాడు.  "సరే. బాప్తిస్మం సంగతి దేవుడిది, మీది. నేను మాట్లాడను. చదువు సంగతి నాది. సోమవారం పొద్దున ఆరు గంటల బస్సుకు అది నాతో నెల్లూరు పోతాది. దాంట్లో ఎవరి మాటా వినను."

"దాన్ని అడగండి."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. సుగుణ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నలుగుర్లో మొగుడి మాటకు ఎదురు చెప్పడం ఆమెకిదే మొదలు. ఆ సంగతి ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఏంది నువ్వనేది?"

"పోతావా అని దాన్ని ఒక్కసారి అడగండి. బడి మార్చినప్పుడు అడగలేదు. ట్యూషన్ పెట్టినప్పుడు అడగలేదు. దానికేం కూర కావాలో కూడా మీరే చెబుతారు. దాన్నే కాదు, నన్నూ ఎప్పుడూ ఏదీ అడగలేదు, సరే, నా సంగతి వదిలేయండి. బడిలో నలభైమంది పిల్లల్ని పొద్దస్తమానం ప్రశ్నలడుగుతారే, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లను ఒక్క ప్రశ్న అడగలేరా?"

"అడిగితే?"

"అడిగితే జవాబు చెబుతాది. విందాం."

దయాసాగర్ సాయం కోసం చూసినట్టు తల్లి వైపు చూశాడు. వరదమ్మ తల తిప్పుకోలేదు. ఆదెయ్య వైపు చూస్తే ఆయన రిజిస్టరు మూస్తున్నాడు. నిజానికి దయాసాగర్ చెడ్డవాడు కాదు. పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటాడు. అడగడమనేది ఒక పని అనీ, దాన్ని కూడా చెయ్యాలనీ ఆయనకెవరూ నేర్పలేదు. ఆయన తండ్రి ఆయన్ని అడగలేదు.

ఆయన కూతురి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తర్వాత, ఎందుకో తెలీదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"షైనీ."

"ఊఁ."

 ఎట్టకేలకు ఆయన అడిగినప్పుడు అది మాస్టారి గొంతు కాదు. అంత మెత్తగా ఆయన మాట్లాడటం షైనీ ఎన్నడూ వినలేదు.

"సోమవారం... నాతో నెల్లూరు వస్తావామ్మా?"

షైనీకి ఏడుపొచ్చింది. కసిరి ఉంటే ఎంత తేలికయ్యేది! కసిరితే ఎదిరించడం ఈ వారం రోజుల్లో ఆమెకు బాగా అలవాటైంది. అడిగినవాడికి కాదని చెప్పడమే కష్టం. వస్తానంటే ఈ మనిషి ముఖం ఎంత వెలిగిపోతుందో ఆమెకు తెలుసు. ఆ కళ్ళలో ఆశ స్పష్టంగా కనబడుతోంది. ఒక్క మాట చాలు, అందరూ నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు.

కానీ ఆయన నిజంగానే అడిగాడు. నిజంగా అడిగినవాడికి నిజమే చెప్పాలి.

చేతులు వెనకనుంచి ముందుకు తెచ్చుకుని, తండ్రి కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

"రాను నాన్నా."